ల్యాప్‌టాప్ ఫ్యాన్ హోరు: కారణం పట్టుకోవడం, తగ్గించుకోవడం

ల్యాప్‌టాప్ ఫ్యాన్ రొద మొదలవగానే చాలామంది చేసే మొదటి పని కూలింగ్ ప్యాడ్, అంటే ల్యాప్‌టాప్ కింద పెట్టే ఫ్యాన్ల పలక కొనడం. రెండోది, షాపుకు తీసుకెళ్లి “పేస్ట్ మార్చండి” అని చెప్పడం (చిప్ వేడిని పైనున్న రాగి పలకకు అందించే పూత అది). రెండూ అప్పుడప్పుడు పనిచేస్తాయి గానీ, వరసలో చివర రావాల్సినవి. లోపల ఎంత వేడి పుడితే ఫ్యాన్ అంత తిరుగుతుంది. అందుకే ముందు చూసుకోవాల్సింది ఆ వేడి ఏ పని వల్ల పుడుతోందో. సెట్టింగ్స్‌తో మొదలుపెట్టి, తర్వాత ల్యాప్‌టాప్ పెట్టే చోటు, ఆ తర్వాత స్క్రూడ్రైవర్, ఆఖర్న జేబు. ఈ వరసలో వెళితే ఎక్కువమందికి స్క్రూడ్రైవర్ దాకా రావాల్సిన పనే ఉండదు.

ఇక్కడ చెప్పేది ఎక్కువగా విండోస్ ల్యాప్‌టాప్‌ల గురించి. మ్యాక్, లినక్స్ వాడేవాళ్ల కోసం మధ్యలో కొంత ఉంది. 2020లో వచ్చిన ఎం1 మోడల్ నుంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌లో అసలు ఫ్యానే లేదు, కాబట్టి అవి ఉన్నవాళ్లకి ఈ గొడవ లేదు.

ముందు కొంచెం లోపలి సంగతి

ప్రాసెసర్ తీసుకున్న కరెంటు దాదాపు మొత్తం వేడిగానే బయటికొస్తుంది. చిప్ మీద ఒక రాగి పలక, దానికి అతికించిన చదునైన రాగి గొట్టం ఉంటాయి. దాన్నే హీట్‌పైప్ అంటారు. గాలి తీసేసిన ఆ గొట్టంలో కొద్దిగా నీరు ఉంటుంది. చిప్ దగ్గర వేడెక్కి ఆవిరై అవతలి కొసకు పోతుంది, అక్కడ పలుచని లోహపు రెక్కల దగ్గర చల్లబడి మళ్లీ నీరవుతుంది, గొట్టం లోపలి గోడకున్న వత్తి లాంటి పొర పట్టుకుని వెనక్కి వస్తుంది. ఫ్యాన్ పని ఆ రెక్కల మధ్య నుంచి గాలి తోయడం. ఎప్పుడు ఎంత తోయాలో నిర్ణయించేది చాలా మోడళ్లలో మదర్‌బోర్డు మీదుండే ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్. కంపెనీ రాసిపెట్టిన ఒక పట్టిక దాని దగ్గర ఉంటుంది: ఇన్ని డిగ్రీలకు ఇంత వేగం అని.

మన పనికి బాగా ఉపయోగపడే లెక్కలు రెండున్నాయి.

చిప్ వాడే శక్తి దాని వేగంతోనే కాక, వోల్టేజి వర్గంతో (వోల్టేజి × వోల్టేజి) కూడా పెరుగుతుంది. వేగం పెంచాలంటే వోల్టేజి కూడా పెంచాలి. వేగం 20 శాతం, వోల్టేజి 10 శాతం తగ్గించారనుకోండి. శక్తి 0.8 × 0.9 × 0.9, అంటే సుమారు 0.65కి దిగుతుంది. ఐదో వంతు వేగం వదులుకుంటే మూడో వంతుకు పైగా వేడి పోయింది.

రెండో లెక్క ఫ్యాన్‌ది. ఫ్యాన్ వేగం సగమైతే చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. 20 శాతం తగ్గినా దాదాపు 5 డెసిబెల్స్ పోతాయి. 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి చప్పుడు సగమైనట్టు అనిపిస్తుంది. ఈ రెండు లెక్కలూ కలిపి చూస్తే, పైనున్న కాస్త వేగాన్ని వదులుకున్నవాడికి చాలా నిశ్శబ్దం దక్కుతుంది. ఈ వ్యాసంలో చెప్పే చిట్కాల్లో సగానికి మూలం అదే.

ఆ “పైనున్న వేగం” పేరే టర్బో బూస్ట్. ఇంటెల్ ఐ5-1235యూ ప్రాసెసర్‌నే తీసుకోండి. స్పెసిఫికేషన్ ప్రకారం దాని మామూలు శక్తి 15 వాట్లు, టర్బోలో గరిష్ఠం 55 వాట్లు. మీరు ఎక్సెల్ ఐకాన్ మీద క్లిక్ చేయగానే చిప్ ఒక్కసారి టర్బోలోకి దూకుతుంది. సన్నటి ల్యాప్‌టాప్‌లో హీట్‌సింక్ (ఆ రాగి పలక, గొట్టం, లోహపు రెక్కలు కలిసిన భాగం) చిన్నది కాబట్టి కొద్ది సెకన్లలోనే ఉష్ణోగ్రత ఎగబాకుతుంది, ఫ్యాన్ లేస్తుంది. ఎక్సెల్ తెరుచుకున్నాక చిప్ చల్లబడుతుంది, ఫ్యాన్ దిగుతుంది. మళ్లీ ఏదో క్లిక్, మళ్లీ లేస్తుంది. ఒకే స్థాయిలో సాగే హోరుకి చెవి అలవాటు పడుతుంది గానీ, ఈ లేచి పడే చప్పుడుకి పడదు. “ఏమీ చేయకపోయినా ఫ్యాన్ తిరుగుతోంది” అనేవాళ్లలో చాలామంది బాధ అసలు ఇదే.

మెట్టు 1: చెవి పెట్టి వినండి

అన్ని చప్పుళ్లూ వేడి వల్ల వచ్చేవి కావు. అందుకే ఏ సెట్టింగూ ముట్టుకోకముందు ఒక నిమిషం వినండి.

బుస్సుమని, హోరుమని వస్తే అది గాలి చప్పుడు. ఫ్యాన్ బాగానే ఉంది, పని ఎక్కువైంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దీని గురించే.

గరగరమని, కరకరమని, లేదా తిరుగుతూ తిరుగుతూ టక్‌టక్ మని తగులుతున్నట్టు వస్తే ఫ్యాన్ బేరింగ్ అరిగిందో, ఫ్యాన్ రెక్కలకి ఏదైనా అడ్డం పడిందో. ల్యాప్‌టాప్‌ని మెల్లగా ఎత్తి ఒక పక్కకు వంచి చూడండి. వంచినప్పుడు చప్పుడు మారితే బేరింగ్ మీద అనుమానం గట్టిపడినట్టే. (పాత హార్డ్ డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే ఈ పరీక్ష వద్దు. నడుస్తున్న డిస్క్‌ని కదపకూడదు. పైగా టక్‌టక్ మన్నది డిస్కే అయితే ఫ్యాన్ సంగతి పక్కనపెట్టి ముందు ఫోటోలూ ఫైళ్లూ వేరే చోటికి కాపీ చేసుకోండి.) బేరింగ్ అరిగితే సెట్టింగ్స్‌తో బాగవదు. నేరుగా మెట్టు 7కి వెళ్లండి.

సన్నగా కీచుమని, పేజీ స్క్రోల్ చేస్తేనో మౌస్ కదిపితేనో మారే చప్పుడైతే అది ఫ్యాన్‌ది కాదు. మదర్‌బోర్డు మీది కాయిల్స్ కరెంటు హెచ్చుతగ్గులకి కంపించి చేసే శబ్దం, కాయిల్ వైన్ అంటారు. ప్రమాదం లేదు, పేస్ట్ మారిస్తే పోదు. కొత్త ల్యాప్‌టాప్ అయితే మార్పిడి గడువులోపు తిరిగి ఇచ్చేయడమే మంచిది.

మెట్టు 2: ఎవరు మండిస్తున్నారో పట్టుకోండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో సీపీయూ అనే గడి మీద నొక్కితే ఎక్కువ వాడే ప్రోగ్రామ్ పైకి వస్తుంది. తెరిచిన మొదటి నిమిషం అంకెలు నమ్మకండి. ఏమీ చేయకుండా ఐదు నిమిషాలు వదిలేసి అప్పుడు చూడండి. ఖాళీగా ఉన్న ల్యాప్‌టాప్‌లో మొత్తం వాడకం కొద్ది శాతంలోపే ఉండాలి. 20, 30 శాతం దగ్గర ఆడుతోందంటే దొంగ దొరికినట్టే.

విండోస్ సొంత పనులు ముందు తెలుసుకోండి. “యాంటీమాల్వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్” అంటే విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ ఫైళ్లు తనిఖీ చేస్తోంది. “సెర్చ్ ఇండెక్సర్” అంటే వెతుకులాట కోసం జాబితా తయారవుతోంది. “విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ వర్కర్” అంటే అప్‌డేట్ దిగుతోంది. కొత్త ల్యాప్‌టాప్‌లోనూ, పెద్ద అప్‌డేట్ తర్వాతా, వన్‌డ్రైవ్‌లో వేల ఫోటోలు వేసినప్పుడూ ఇవన్నీ ఒకేసారి మీద పడతాయి. వీటిని చంపేయడం తెలివైన పని కాదు, మళ్లీ లేస్తాయి. చార్జర్ పెట్టి, స్లీప్‌లోకి పోకుండా సెట్ చేసి ఒక రాత్రి వదిలేయండి. పని ముగించుకుని వాటంతట అవే ఊరుకుంటాయి. రోజుల తరబడి అదే పేరు పైన కనిపిస్తుంటేనే చూడాల్సిన విషయం.

మిగతా వాటిలో పెద్ద పీట బ్రౌజర్‌ది. క్రోమ్‌లోనూ ఎడ్జ్‌లోనూ షిఫ్ట్, ఎస్కేప్ నొక్కితే బ్రౌజర్‌కి సొంత టాస్క్ మేనేజర్ ఒకటి తెరుచుకుంటుంది. ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత తింటోందో విడివిడిగా చూపిస్తుంది. వార్తల సైట్లో కదిలే ప్రకటన ఒకటి చాలు, ప్రాసెసర్ని కుదురుగా ఉండనివ్వదు. యాడ్ బ్లాకర్ పెట్టుకుంటే ఫ్యాన్ శాంతిస్తుందన్నది వింతగా అనిపించినా నిజమే.

వీడియో చూస్తుంటే మాత్రమే ఫ్యాన్ లేస్తోందా? యూట్యూబ్ వీడియో మీద మౌస్ కుడి బటన్ నొక్కి “స్టాట్స్ ఫర్ నెర్డ్స్” తెరవండి. కోడెక్ (వీడియోని కుదించిన పద్ధతి) అన్న చోట ఏవీ01, వీపీ09, ఏవీసీ1లలో ఏదో ఒకటి కనిపిస్తుంది. ఏవీ01 అంటే ఏవీ1 పద్ధతి. దాన్ని విప్పే ప్రత్యేక సర్క్యూట్ ఇంటెల్‌లో 11వ తరం నుంచే ఉంది. అంతకుముందు వాటిలో ఆ పనంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది, ఫ్యాన్ లేస్తుంది. వీడియో నాణ్యత ఒక మెట్టు దించండి, లేదా యూట్యూబ్‌ని ఏవీసీకి (పైన ఏవీసీ1గా కనిపించేది) మళ్లించే ఎక్స్‌టెన్షన్ వాడండి. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ (తెర, వీడియో పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించే సౌకర్యం) ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి. ఎప్పుడో ఏదో సమస్యకి ఆపేసి మరిచిపోయినవాళ్లు చాలామంది.

మీటింగ్‌లో ఫ్యాన్ లేచి అవతలివాళ్లకి కూడా వినిపిస్తోందంటే జూమ్, టీమ్స్‌లో వెనక దృశ్యాన్ని మసకబరిచే సౌకర్యం ఆపి చూడండి. ప్రతి ఫ్రేమ్‌లోనూ మిమ్మల్ని గోడ నుంచి విడదీయడం చిన్న పనేం కాదు.

ఆఫీసు వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్ అయితే మీ చేతిలో ఉన్నది తక్కువ. కంపెనీ భద్రతా సాఫ్ట్‌వేర్లు రెండు మూడు ఒకదాని వెనక ఒకటి ప్రతి ఫైలునూ తనిఖీ చేస్తుంటాయి. వాటిని మీరు ఆపలేరు, ఆపకూడదు. టాస్క్ మేనేజర్ ఫోటో ఒకటి జతచేసి ఐటీ హెల్ప్‌డెస్క్‌కి టికెట్ పెట్టండి. “స్లోగా ఉంది” అని రాస్తే రీస్టార్ట్ చేయమంటారు. “ఫలానా ప్రాసెస్ రోజంతా 25 శాతం వాడుతోంది” అని రాస్తే కదులుతారు.

ఇంకొకటి: టాస్క్ మేనేజర్ తెరవగానే ఫ్యాన్ ఊరుకుని, మూసేయగానే మళ్లీ లేస్తుంటే అనుమానించండి. దొంగచాటుగా క్రిప్టో తవ్వే ప్రోగ్రాముల్లో కొన్ని టాస్క్ మేనేజర్‌ని చూడగానే నక్కుతాయి. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్న మెషీన్లలో ఇవి దొరకడం అరుదేం కాదు. డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి.

మెట్టు 3: వేగానికి కళ్లెం

ఒక్క మెట్టే చేస్తానంటే ఇది చేయండి. ఖర్చు లేదు, రెండు నిమిషాల పని.

విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, పవర్ అండ్ బ్యాటరీలోకి వెళ్లండి. పవర్ మోడ్ అన్న చోట “బెస్ట్ పెర్ఫార్మెన్స్” ఉంటే “బ్యాలెన్స్‌డ్”కి, అది ఉంటే “బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీ”కి దించండి. ఆ మార్పు చేయనివ్వకపోతే, ఎవరో కంట్రోల్ ప్యానెల్లో పవర్ ప్లాన్‌ని హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టి ఉంటారు. అక్కడ బ్యాలెన్స్‌డ్‌కి మార్చి రండి.

దీనికంటే ఎక్కువ ప్రభావం చూపేది కంపెనీ సొంత యాప్. ఫ్యాన్ పట్టికనే మార్చగల అధికారం దానికి ఉంటుంది. లెనోవోలో వాంటేజ్, చాలా మోడళ్లలో ఎఫ్ఎన్, క్యూ కలిపి నొక్కినా మోడ్ మారుతుంది. ఆసుస్‌లో మై ఆసుస్ యాప్, అందులో “విస్పర్” మోడ్. డెల్‌లో మై డెల్ లేదా పవర్ మేనేజర్, అందులో థర్మల్ విభాగంలో “క్వయట్”. హెచ్‌పీలో సంగతి కొంచెం వేరు. చాలా హెచ్‌పీ మోడళ్ల బయోస్‌లో (విండోస్ కంటే ముందు లేచే మూల సాఫ్ట్‌వేర్) “ఫ్యాన్ ఆల్వేస్ ఆన్” అనే ఐచ్ఛికం ఉంటుంది. ల్యాప్‌టాప్ ఆన్ అవుతుండగా ఎఫ్10 నొక్కి బయోస్‌లోకి వెళ్లి దాన్ని ఆపితే, చార్జర్ పెట్టినప్పుడల్లా వినిపించే ఆ సన్నటి హోరు పోతుంది.

ఇంటర్నెట్‌లో ప్రతిచోటా కనిపించే 99 శాతం చిట్కా కూడా చూద్దాం. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, ప్లాన్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్. అందులో “మ్యాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్”ని 100 నుంచి 99కి దించితే చాలా ల్యాప్‌టాప్‌లలో టర్బో పూర్తిగా ఆగిపోతుంది. చిట్కా నిజమే, కానీ ఏ ప్రాసెసర్ మీద వాడుతున్నారో చూసుకోవాలి. ఐ5-9300హెచ్ లాంటి గేమింగ్ చిప్‌కి మామూలు వేగమే 2.4 గిగాహెర్ట్జ్. టర్బో లేకపోయినా ఆఫీసు పనికి తేడా తెలియదు, ఫ్యాన్ మాత్రం బాగా తగ్గుతుంది. ఐ5-1235యూలో పెద్ద కోర్ల మామూలు వేగం 1.3, చిన్న కోర్లది 0.9 గిగాహెర్ట్జ్. దాన్ని అక్కడ కట్టేస్తే ఫైల్ మెనూ తెరుచుకోవడం కూడా కంటికి తెలుస్తుంది. ప్రాసెసర్ పేరు చివర యూ ఉన్న సన్నటి ల్యాప్‌టాప్‌లకి ఈ చిట్కా కంటే పవర్ మోడే నయం. కొన్ని కొత్త మోడళ్లలో ఈ ఐచ్ఛికమే కనిపించదు. దాచేశారు, వెతుక్కోవద్దు, కంపెనీ యాప్‌తోనే సరిపెట్టుకోండి.

వోల్టేజి మాత్రమే తగ్గించే అండర్‌వోల్టింగ్ గురించి విని ఉంటారు. వేగం పోకుండా వేడి తగ్గుతుంది కాబట్టి మంచి ఉపాయమే. అయితే 2019లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో బయోస్ అప్‌డేట్ ద్వారా ఆ తలుపు మూసేశారు. అండర్‌వోల్టింగ్‌కి వాడే థ్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రామ్ తెరిచినప్పుడు వోల్టేజి విభాగానికి తాళం పడి ఉంటే అదే కారణం. తాళం తీయడానికి పాత బయోస్‌కి వెళ్లమని చెప్పేవాళ్లున్నారు. నేను చెప్పను.

మ్యాక్‌లో అయితే యాక్టివిటీ మానిటర్‌తో ఎవరు తింటున్నారో చూసి, బ్యాటరీ సెట్టింగ్స్‌లో లో పవర్ మోడ్ పెట్టుకోండి. జాబితాలో కెర్నల్ టాస్క్ పైన కనిపిస్తే కంగారు పడకండి. మెషీన్ వేడెక్కినప్పుడు ప్రాసెసర్‌ని ఇతర ప్రోగ్రాములకి అందకుండా అడ్డుకోవడం దాని పనుల్లో ఒకటి. అది రోగం కాదు, వైద్యం. లినక్స్‌లో గ్నోమ్ డెస్క్‌టాప్ వాడుతుంటే దాని మెనూలోనే పవర్ సేవర్ ఉంది. ఇంకా కావాలంటే టీఎల్‌పీ అనే విద్యుత్తు ఆదా ప్రోగ్రామ్ ఎక్కించుకోవచ్చు.

మెట్టు 4: గ్రాఫిక్స్ చిప్ నిద్రపోతోందా

విడిగా ఎన్‌విడియా చిప్ ఉన్న ల్యాప్‌టాప్‌లకే ఇది. మామూలు పనిలో ఆ చిప్ పూర్తిగా నిద్రపోవాలి, తెర పనంతా ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ చూసుకోవాలి. కానీ చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ పోర్టు నేరుగా పెద్ద చిప్‌కే కలిపి ఉంటుంది. బయటి మానిటర్ తగిలించిన క్షణం నుంచి అది మేలుకునే ఉంటుంది. “ఇంట్లో మానిటర్ పెట్టినప్పుడే ఫ్యాన్ మోత” అనేవాళ్లు మానిటర్‌ని యూఎస్‌బీ-సీ పోర్టుకి మార్చి చూడండి. కొన్ని మోడళ్లలో అది చిన్న గ్రాఫిక్స్‌కి కలిసి ఉంటుంది, చప్పుడు అక్కడితో ఆగుతుంది.

ఆటలాడేవాళ్లు ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్లో “మ్యాక్స్ ఫ్రేమ్ రేట్”ని 60కి కట్టేయండి. తెర 60 హెర్ట్జ్‌దే అయినప్పుడు సెకనుకి 140 ఫ్రేములు గీయించడం ఫ్యాన్‌కి తప్ప ఎవరికీ పని కల్పించదు.

మెట్టు 5: చోటు, కాలం

డిసెంబరులో చప్పుడు చేయని ల్యాప్‌టాప్ మే నెలలో హోరెత్తితే దానికి ఏ రోగమూ లేదు. గది 10 డిగ్రీలు వేడెక్కితే అదే పనికి, అదే ఫ్యాన్ వేగానికి చిప్ కూడా సుమారు 10 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. బయట గాలి కంటే చల్లగా చేసే శక్తి ఫ్యాన్‌కి లేదు. చాలా కంపెనీలు తమ ల్యాప్‌టాప్‌ని గరిష్ఠంగా 35 డిగ్రీల గదిలో వాడమని స్పెసిఫికేషన్లలో రాస్తాయి. విజయవాడలోనో రామగుండంలోనో ఎండాకాలం మధ్యాహ్నం ఏసీ లేని పై అంతస్తు గది ఆ గీత ఎప్పుడో దాటేసి ఉంటుంది. ఆ రోజుల్లో బరువైన పనులు, అంటే వీడియో ఎడిటింగ్, పెద్ద ప్రోగ్రామ్ బిల్డ్‌లు, పొద్దున్నే కానిచ్చేయడం మేలు. ఎయిర్ కూలర్ ఎదురుగా మాత్రం పెట్టకండి, దాని గాలిలో తేమ ఎక్కువ.

ఎక్కువ ల్యాప్‌టాప్‌లు గాలిని అడుగు నుంచి పీలుస్తాయి. మంచం మీద, దిండు మీద, ఒళ్లో దుప్పటి మీద పెడితే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. బల్ల మీద పెట్టి వెనక భాగాన్ని ఒక రెండు సెంటీమీటర్లు ఎత్తండి. సీసా మూతలు రెండు చాలు. స్టాండ్ కొనాలనుకుంటే ఫ్యాన్లు లేని మామూలు లోహపు స్టాండ్ కొనండి. కూలింగ్ ప్యాడ్ కొన్ని డిగ్రీలు తగ్గించవచ్చు గానీ, దాని ఫ్యాన్ల చప్పుడు దానికుంటుంది. నిశ్శబ్దం కోసం ఇంకో రెండు ఫ్యాన్లు కొనుక్కోవడం నాకెప్పుడూ అర్థం కాదు.

బ్యాగులోంచి తీసేసరికి ల్యాప్‌టాప్ కాలిపోతూ, ఫ్యాన్ తిరుగుతూ ఉందా? కొత్త మోడళ్లలో స్లీప్ అంటే పూర్తి నిద్ర కాదు. ఫోన్‌లాగా మధ్యమధ్యలో లేచి నెట్‌కి వెళుతుంది. బ్యాగులో పెట్టేటప్పుడు హైబర్నేట్ చేయండి, అంటే తెరిచిన పనిని డిస్క్‌లో దాచి పూర్తిగా ఆగేలా. మూత మూస్తే హైబర్నేట్ అయ్యేలా పవర్ ఆప్షన్స్‌లో మార్చుకోవచ్చు.

మెట్టు 6: దుమ్ము

పై మెట్లన్నీ అయ్యాక కూడా తక్కువ పనికే ఫ్యాన్ గట్టిగా తిరుగుతూ, బయటికొచ్చే గాలి మాత్రం నీరసంగా ఉంటే దారి మూసుకుపోయినట్టు. నిర్ధారణకి హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఉష్ణోగ్రతలు చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు 40 నుంచి 55, బాగా పని చేస్తున్నప్పుడు 80 నుంచి 95 డిగ్రీలు సాధారణం. మామూలు బ్రౌజింగ్‌కే 90 దాటుతుంటే తెరవాల్సిందే. ఆ అంకెలు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, తర్వాత పోల్చుకోవడానికి.

వారంటీ ఉంటే సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. లేకపోతే మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ దించుకోండి. డెల్, హెచ్‌పీ, లెనోవో మూడూ తమ సైట్లలో ఉచితంగా పెడతాయి. ఏ స్క్రూ ఎక్కడుందో బొమ్మలతో సహా ఉంటుంది. యూట్యూబ్ వీడియో కంటే అదే నయం, ఎందుకంటే అది మీ మోడల్ గురించే చెబుతుంది.

షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసేయండి. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టున్నా, అడుగు భాగం బల్ల మీద సమంగా కూర్చోకపోయినా ఆగిపోండి. అది ఉబ్బిన బ్యాటరీ. నొక్కకూడదు, గుచ్చకూడదు, నేరుగా సర్వీస్ వాళ్ల దగ్గరికే.

అలాంటిదేమీ లేకపోతే అడుగున ఉన్న స్క్రూలు విప్పండి. స్క్రూలు అన్నీ ఒకే పొడవు ఉండవు. పొట్టి స్క్రూ స్థానంలో పొడుగుది బిగిస్తే పైన కీబోర్డు పక్కన ప్లాస్టిక్ పొంగుతుంది. కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టుకోండి. అన్నీ తీసినా మూత రాకపోతే బలం వాడకండి, రబ్బరు కాళ్ల కింద ఇంకో రెండు దాగి ఉంటాయి. పాత సిమ్ కార్డో ప్లాస్టిక్ కార్డో అంచున దూర్చి, క్లిప్పులు ఒక్కొక్కటే విడదీస్తూ రావాలి. మూత రాగానే చేయాల్సిన మొదటి పని బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం.

ఇప్పుడు అసలు సంగతి. దుమ్ము కనిపించే చోట ఉండదు. ఫ్యాన్ రెక్కల మీద కనిపించేది కొంచెమే. ఎక్కువ భాగం ఫ్యాన్‌కీ లోహపు రెక్కలకీ మధ్య, ఏసీ ఫిల్టర్ మీద పట్టే పొరలా ఒత్తుగా పేరుకుని ఉంటుంది. పరుపు నూలు, తల వెంట్రుకలు, అగరుబత్తి, సాంబ్రాణి పొగ జిడ్డు అన్నీ కలిసి దాన్ని గట్టిపరుస్తాయి. బయటి రంధ్రాల్లోంచి బ్లోయర్ కొడితే ఆ పొర మొత్తం ఊడి ఫ్యాన్‌లోకే పడుతుంది, అప్పుడు గరగర మొదలవుతుంది. అందుకే రెండు మూడు స్క్రూలు విప్పి ఫ్యాన్‌ని తీసేసి, ఆ పొరని పట్టకారుతో చాపలా లాగేయడం మేలు. మిగిలింది మెత్తటి బ్రష్‌తో దులపండి.

గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో కదలకుండా పట్టుకోండి. బ్లోయర్ గాలికి ఫ్యాన్ తన శక్తికి మించి తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. ఏసీ మెకానిక్‌లు వాడే పెద్ద బ్లోయర్‌తో మరీ జాగ్రత్త, దూరం నుంచి, ఆపి ఆపి. వ్యాక్యూమ్ క్లీనర్ ముక్కుని బోర్డుకి ఆనించకండి, స్టాటిక్ విద్యుత్తు పుడుతుంది. తడి గుడ్డ అసలే వద్దు.

మళ్లీ బిగించి, రాసిపెట్టుకున్న అంకెలతో పోల్చండి. దుమ్మే కారణమైతే తేడా మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది.

మెట్టు 7: పేస్ట్, ఫ్యాన్ మార్పిడి

చిప్‌కీ రాగి పలకకీ మధ్య కంటికి కనిపించని ఎగుడుదిగుళ్లని నింపేది థర్మల్ పేస్ట్. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ కొంచెం కొంచెం పక్కకు జారి, కొన్నేళ్లకు పలుచబడుతుంది. దుమ్ము తీశాక కూడా ఉష్ణోగ్రత దిగకపోతేనే దీని జోలికి వెళ్లండి.

హీట్‌సింక్ మీద స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలుంటాయి. బిగించేది ఆ వరసలో, విప్పేది తిరగేసిన వరసలో, ప్రతిదీ కొద్దికొద్దిగా. పాత పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో తుడవండి, చాకుతో గీకకండి. ల్యాప్‌టాప్ చిప్‌కి పైన లోహపు మూత ఉండదు కాబట్టి మూలలు సులభంగా విరుగుతాయి, మూలలకీ పేస్ట్ అందాలి కూడా. చిప్ మొత్తం కప్పేలా పలుచగా పూయండి. పక్కనుండే రబ్బరు లాంటి థర్మల్ ప్యాడ్లు చిరిగితే అదే మందం ఉన్నవే వేయాలి. అర మిల్లీమీటరు మందం ఎక్కువైనా పలక చిప్‌కి ఆనదు, పరిస్థితి ముందుకన్నా అన్యాయమవుతుంది. పేస్ట్ బదులు కొందరు వాడే లిక్విడ్ మెటల్ (ద్రవ లోహం) జోలికి వెళ్లకండి. అందులోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, బోర్డు మీద ఒలికితే షార్ట్ అవుతుంది.

గరగరలాడే ఫ్యాన్‌కి కుట్టుమిషను నూనె చుక్క వేస్తే కొన్నాళ్లు ఊరుకుంటుంది. మళ్లీ మొదలవుతుంది, ఈలోపు దుమ్ముని ఇంకా పట్టుకుంటుంది. మార్చడమే సరి. మోడల్ పేరు చెప్పి ఫ్యాన్ కొనకండి. ఒకే మోడల్ పేరు మీద రెండు మూడు రకాల ఫ్యాన్లు వస్తాయి. పాతదాని మీది స్టిక్కర్‌లో పార్ట్ నంబరు, వోల్టు, ఆంపియర్ అంకెలు, కనెక్టర్ వైర్ల సంఖ్య, ఫ్యాన్లు రెండుంటే ఎడమదో కుడిదో, ఇవన్నీ ఫోటో తీసుకుని వాటితో సరిపోయేదే కొనండి.

ఫ్యాన్ వేగాన్ని సాఫ్ట్‌వేర్‌తో బలవంతంగా తగ్గించే ప్రోగ్రాములున్నాయి. ఫ్యాన్ ఆగుతుంది, వేడి ఆగదు. చిప్ 95, 100 డిగ్రీల దగ్గర తన వేగం తానే తగ్గించుకుని బతికిపోతుంది. దాని పక్కనున్న బ్యాటరీకి, ఎస్ఎస్‌డీకి అంత రక్షణ లేదు.

ఈ పనులు మీరు చేయలేక సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి కంప్యూటర్ షాపుల చోటికి తీసుకెళితే, ఏం కావాలో విడమరిచి చెప్పండి: ఫ్యాన్ బయటికి తీసి లోహపు రెక్కల వైపు దుమ్ము పొర తీయాలి, పేస్ట్ ఏ బ్రాండో డబ్బా చూపించి వేయాలి, ప్యాడ్లు పాత మందంలోనే ఉండాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో కంపెనీ పేస్ట్ బదులు వేడికి మెత్తబడే ప్రత్యేకమైన పొర వేస్తుంది. ఆ పొర బాగుంటే మామూలు చవక పేస్ట్ కంటే అదే మెరుగు, తీయొద్దని చెప్పండి. డబ్బులు ఇచ్చే ముందు అక్కడే పది నిమిషాలు వీడియో ఒకటి నడిపించి, మీరు ఇంట్లో రాసుకొచ్చిన కాగితం పక్కన పెట్టుకుని హెచ్‌డబ్ల్యూఇన్ఫో చూడండి. అంకె దిగకపోతే మూత మళ్లీ తీయించండి.